రాగి జావపై పరిశోధన: శీర్షిక ఉంది, ప్రశ్న ఎక్కడుంది?

ప్రశ్న
అడిగినవారు: ఉపాధ్యాయ పరిశోధకురాలు, విజయనగరం జిల్లా

అందరికీ నమస్కారం. నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తూ, విద్యాశాస్త్రంలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నాను. కోర్సువర్క్ పూర్తయింది, పరిశోధన పద్ధతుల పేపరులో మంచి మార్కులే వచ్చాయి. అయినా సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక పత్రం) దగ్గరికి వచ్చేసరికి బండి కదలడం లేదు.

నేను పెట్టుకున్న శీర్షిక "ప్రభుత్వ పాఠశాలల విద్యార్థుల సర్వతోముఖాభివృద్ధిపై రాగి జావ ప్రభావం: ఒక అధ్యయనం". 2023 మార్చిలో మన రాష్ట్రంలో మధ్యాహ్న భోజన పథకానికి తోడుగా రాగి జావను ప్రవేశపెట్టినప్పుడు మంగళ, గురు, శనివారాల్లో జావ, మిగిలిన మూడు రోజుల్లో వేరుశనగ చిక్కీ ఇవ్వాలని నిర్ణయించారు. మా బడిలో జావను ఉదయం ప్రార్థనకు ముందే పోస్తారు, చిక్కీని మధ్యాహ్నం భోజనంతో పాటు ఇస్తారు. జావ పోసిన రోజుల్లో మొదటి పీరియడ్‌లో పిల్లలు కాస్త చురుగ్గా ఉంటున్నారని నాకు చాలాసార్లు అనిపించింది. ఈ అంశం ఎంచుకోవడానికి కారణం అదే.

సినాప్సిస్‌లో ఆరు లక్ష్యాలు, పన్నెండు శూన్య పరికల్పనలు, అంటే "తేడా లేదు" అనే రూపంలో పరీక్షకు పెట్టే ఊహలు, రాశాను. బాలురకు, బాలికలకు మధ్య సార్థకమైన భేదం లేదని ఒకటి, గ్రామీణ, పట్టణ విద్యార్థుల మధ్య లేదని ఒకటి, తల్లిదండ్రుల చదువును బట్టి లేదని మరొకటి, ఈ విధంగా సాగాయి. రాగి జావను స్వతంత్ర చరమనీ (మార్పు తెచ్చేది), సర్వతోముఖాభివృద్ధిని పరతంత్ర చరమనీ (దాని వల్ల మారేది) చూపించాను. మా పర్యవేక్షకులు దాన్ని మూడుసార్లు తిప్పి పంపారు. మూడోసారి అంచున ఒకే వాక్యం రాశారు: "శీర్షిక బాగుంది, ప్రశ్న ఎక్కడ?"

లక్ష్యానికీ పరిశోధన ప్రశ్నకూ తేడా ఏమిటి? ముందు ప్రశ్న రాసుకోవాలా, పరికల్పన రాసుకోవాలా, లేక చరాలను గుర్తించి వాటి నుంచి మిగిలినవి అల్లుకోవాలా? నిర్వచనాలు నాకు కంఠతా వచ్చు. వాటిని నా అంశానికి అన్వయించడమే రావడం లేదు. పెద్దలు దారి చూపగలరు.


సమాధానం 1
విశ్రాంత ఆచార్యులు, విద్యాశాస్త్రం

అమ్మా, మీ ప్రశ్న మీ శీర్షికలో లేదు కాని, మీరు పైన రాసిన ఉత్తరంలో ఉంది. "జావ పోసిన రోజుల్లో మొదటి పీరియడ్‌లో పిల్లలు కాస్త చురుగ్గా ఉంటున్నారు" అన్న వాక్యాన్ని మీరు నేపథ్యంగా రాసి వదిలేశారు. పరిశోధన అంతా అందులోనే ఉంది. ఎందుకంటే ఆ వాక్యం తప్పు కావడానికి అవకాశం ఉంది. రేపు మంగళవారం లెక్కగట్టి చూస్తే పిల్లలు సోమవారం ఎలా ఉన్నారో అలాగే ఉండవచ్చు, ఇంకా మందకొడిగానూ ఉండవచ్చు. "సర్వతోముఖాభివృద్ధిపై ప్రభావం" అన్నదానికి ఆ ప్రమాదమే లేదు. ఏం చూసినా అందులో ఏదో ఒక ముఖం అభివృద్ధి చెందినట్టే కనిపిస్తుంది. ఏది కనబడితే "నేను అనుకున్నది తప్పు" అని ఒప్పుకుంటారో ముందే చెప్పలేకపోతే, అక్కడ ఇంకా ప్రశ్న పుట్టలేదని అర్థం.

లక్ష్యం మీరు చేయబోయే పనిని చెబుతుంది, పరిశోధన ప్రశ్న మీకు తెలియనిదాన్ని చెబుతుంది. "జావకూ అవధానానికీ (ఏకాగ్రతకూ) గల సంబంధాన్ని పరిశీలించుట" అని రాస్తే అది లక్ష్యం. పరిశీలించడం అయిపోగానే నెరవేరినట్టే, ఫలితం ఏదైనా పరవాలేదు. "జావ తాగిన రోజున అదే విద్యార్థి అవధానం, తాగని రోజుకన్నా మెరుగ్గా ఉంటుందా?" అన్నది ప్రశ్న, దీనికి అవుననో కాదనో తేలాలి. మన విద్యాశాఖల్లో లక్ష్యాలు రాయించి, వాటి క్రియాపదాలను మార్చి ప్రశ్నలుగా చూపించే అలవాటు ఒకటి పాతుకుపోయింది. మీ పర్యవేక్షకులు దానికి లొంగకపోవడం మీ అదృష్టమే అనుకోండి.

ఇక "ప్రభావం" అన్న మాట. మన సిద్ధాంత వ్యాసాల శీర్షికల్లో ఇది గుమ్మానికి మామిడాకుల తోరణంలా వేలాడుతూ ఉంటుంది, కాని అది మోపే బరువు చాలా ఎక్కువ. ఎంతమంది జావ తాగుతున్నారు, ఎంత తాగుతున్నారు అన్నది వర్ణించే ప్రశ్న. తాగేవారి హాజరు తాగనివారికన్నా ఎక్కువగా ఉందా అన్నది సంబంధాన్ని వెతికే ప్రశ్న. జావ వల్లనే హాజరు పెరిగిందా అన్నది కార్యకారణ ప్రశ్న. మూడింటికీ కావలసిన సాక్ష్యం వేరు. ప్రభావం అని రాసిన క్షణంలో మీరు మూడో మెట్టు మీద నిలబడినట్టే. పోలికకు పనికివచ్చే పరిస్థితి ఒకటి మీకు దొరికింది కనుక ఆ మెట్టు ఎక్కవచ్చు, కాని మెట్టు ఎత్తు తెలిసి ఎక్కాలి.

చరాల దగ్గరికి వద్దాం. రాగి జావ చరం కాదమ్మా, అది పదార్థం. చరం అంటే మనిషి నుంచి మనిషికో, రోజు నుంచి రోజుకో మారేది. జావ పోశారా లేదా అన్నది రెండు విలువలున్న చరం. ఎన్ని మిల్లీలీటర్లు తాగారన్నది మరో చరం. నెలలో ఎన్ని రోజులు తాగారన్నది ఇంకొకటి. వీటిలో మీకు ఏది కావాలో తేల్చుకోండి, ఎందుకంటే పోసిన జావ వేరు, తాగిన జావ వేరు. రిజిస్టరులో ఉండేది మొదటిది, పిల్లవాడి కడుపులోకి వెళ్ళేది రెండోది. రిజిస్టరు చూసి కడుపు గురించి తీర్పు చెప్పిన వ్యాసాలను నేను పరీక్షకుడిగా చాలానే చదివాను.

"చురుకుదనం" కూడా అటువంటిదే. అది మీ కంటికి కనబడుతోంది, కాని పక్క తరగతి మాస్టారికి అలాగే కనబడుతుందా? కొలత చేతులు మారినా మారకుండా ఉండాలి. ఒక పేజీ నిండా అంకెలు అచ్చువేసి, రెండు నిమిషాల్లో అందులోని ఏడులన్నీ కొట్టివేయమని చెప్పి, సరిగ్గా కొట్టినవెన్ని, వదిలేసినవెన్ని, పొరపాటున కొట్టినవెన్ని అని లెక్కించే అవధాన పరీక్ష మనోవిజ్ఞాన శాస్త్రంలో ఎప్పటి నుంచో ఉంది. కాగితం, పెన్సిలు ఉంటే చాలు. "ఈ అధ్యయనంలో అవధానం అనగా ఆ పరీక్షలో వచ్చిన స్కోరు" అని రాస్తే అది నిర్వహణాత్మక నిర్వచనం అవుతుంది. చురుకుదనం అనే మాటలోని ఘనత అంతా అందులో ఇమడదు, ఆ మాట మీరే ఒప్పుకుని రాయండి.

ఇతర చరాల సంగతి పుస్తకంలో వెతక్కండి, మీ బడి కాలపట్టిక తీసి చూడండి. సోమవారం మొదటి పీరియడ్ లెక్కలు, మంగళవారం తెలుగు అయితే, మీరు చూసిన చురుకుదనం జావదా, తెలుగు మాస్టారి పద్యానిదా? ఊరి సంత ఏ రోజు? శనివారం ఎంతమంది ఎగ్గొడతారు? ఆ రోజు వచ్చేవాళ్ళు ఎటూ చదువు మీద శ్రద్ధ ఉన్నవాళ్ళేనేమో. మధ్యాహ్నం మెనూలో పిల్లలకు ఇష్టమైన వంటకం ఏ రోజు వస్తుంది? జావతో పాటే మారుతూ, ఫలితాన్నీ మార్చగలిగినది ఏదైనా సరే, మీరు దాన్ని నియంత్రించకపోతే జావకు దక్కవలసిన పేరునో అపవాదునో అదే కొట్టేస్తుంది.

పరికల్పన అంటే మీ ప్రశ్నకు మీరు ముందుగా పలికే జవాబు. కొన్ని పాఠ్యపుస్తకాల్లో ప్రాక్కల్పన అని కూడా చూస్తారు. పేరు ఏదైనా కారణం ఉండాలి. బాలురు, బాలికల మధ్య భేదం లేదని రాశారు సరే, జావ విషయంలో భేదం ఎందుకు ఉండాలనుకున్నారు, లేదా ఎందుకు ఉండకూడదనుకున్నారు? "అందరూ రాస్తారు కాబట్టి" అన్నది మీ మనసులోని జవాబైతే ఆ పరికల్పనను కొట్టేయండి. నా లెక్కలో మీ పన్నెండులో పదకొండు అలా పోతాయి.

ఏది ముందు అన్నారు కదా. చూసింది ముందు, దాని నుంచి ప్రశ్న, ఆ ప్రశ్న మీద పూర్వ పరిశోధనలు చదివాక పరికల్పన, దాన్ని పొలంలోకి దింపేటప్పుడు చరాలు. కాని చరాలు కొలవబోయేసరికి ప్రశ్న వంకరగా ఉందని తెలుస్తుంది, వెనక్కి వెళ్ళి దిద్దుకుంటారు. వ్యాసంలో వరుసగా కనిపించేది పనిలో ఎప్పుడూ వరుసగా జరగదు.


సమాధానం 2
పోషకాహార రంగంలో పనిచేస్తున్నవారు, హైదరాబాదు

ఆచార్యుల వారు చెప్పినదానికి ఒక విషయం చేర్చుతాను. మీ పన్నెండు పరికల్పనల్లో హిమోగ్లోబిన్ గురించి ఒకటి ఉండే ఉంటుందని నా అనుమానం, ఎందుకంటే రాగి జావ అనగానే అందరూ రక్తహీనత దగ్గరికే వెళతారు. అలా అయితే అక్కడ కాలాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఉదయం జావ తాగితే తొమ్మిదిన్నరకు అవధానం మారవచ్చు. ఎర్ర రక్తకణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు కాబట్టి హిమోగ్లోబిన్‌లో మార్పు కనబడాలంటే నెలలు పడుతుంది. ఈ రెంటినీ "ప్రభావం" అనే ఒకే మాట కింద కట్టడం కుదరదు. పరికల్పనలో ఏది మారుతుందో చెప్పడంతో పాటు ఏ మార్గంలో, ఎంత కాలానికి మారుతుందో కూడా ఉండాలి.

మార్గం సంగతీ అంత తిన్నగా లేదు. జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం, 4.6 మిల్లీగ్రాముల ఇనుము ఉంటాయి. కాల్షియం విషయంలో రాగులకు సాటివచ్చే ధాన్యం లేదు. ఇనుము మాత్రం అంతంత మాత్రమే. పైగా రాగుల్లోని ఫైటేట్లు, టానిన్లు అనే పదార్థాలు, ఆ కాల్షియం కూడా ఇనుము శరీరానికి అందకుండా కొంత అడ్డుపడతాయి. అందుచేత "రాగి జావ తాగితే రక్తం పడుతుంది" అన్నది ఇంట్లో బామ్మ మాటగా బాగానే ఉంటుంది కాని, పరికల్పనగా రాయాలంటే ఎంత పిండి, ఎంత బెల్లం, పిండి మొలకల నుంచి తీసినదా కాదా అన్నవన్నీ తెలియాలి. మొలకెత్తిస్తే ఫైటేట్లు తగ్గుతాయి.

అంతకన్నా పెద్ద చిక్కు మీ బడిలోనే ఉంది. 2013 నుంచి దేశమంతటా కౌమార వయసు పిల్లలకు వారానికొకసారి ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఇచ్చే కార్యక్రమం నడుస్తోంది. 2015 నుంచి ఫిబ్రవరి 10న నులిపురుగుల నివారణ దినంగా ఆల్బెండజోల్ మాత్రలు వేస్తున్నారు. జావ మొదలైన తరువాత హిమోగ్లోబిన్ పెరిగిందని చూపినా, అది జావదో, మాత్రదో, పురుగులు పోవడం వల్లనో మీరు విడదీయలేరు. రక్త నమూనాలకు నైతిక సంఘం అనుమతి, తల్లిదండ్రుల లిఖితపూర్వక సమ్మతి అదనం. నా సలహా అడిగితే హిమోగ్లోబిన్‌ను పూర్తిగా వదిలేయండి.

అవధానానికి పూర్వ పరిశోధనల్లో మంచి ఆధారం ఉంది. జమైకాలో సైమియన్, గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ 1989లో ప్రచురించిన అధ్యయనంలో ఒకే పిల్లవాడిని ఉదయపు ఆహారం తిన్న రోజున ఒకసారి, తినని రోజున ఒకసారి పరీక్షించారు. తినకపోవడం వల్ల నష్టం పోషకాహార లోపం ఉన్న పిల్లల్లో స్పష్టంగా కనబడింది, బాగా పోషణ ఉన్నవారిలో అలా కనబడలేదు. మీ బడికి ఇది నేరుగా పనికివస్తుంది. ఇంట్లో ఏమీ తినకుండా వచ్చే పిల్లల్లో జావ చూపే తేడా, చద్దన్నమో ఇడ్లీయో తిని వచ్చినవారిలో కన్నా ఎక్కువగా ఉండాలని మీరు కారణంతో ఊహించగలరు. బాలురు, బాలికలు అనే విభజనకన్నా ఈ విభజనకు అర్థం ఉంది. ఒక చరం మరో చరం పనితీరును పెంచడమో తగ్గించడమో చేస్తే దాన్ని మాడరేటర్ అంటారు, ఇక్కడ ఉదయం ఇంటి దగ్గర తిన్న తిండి అటువంటిది.

చిరుధాన్యాల ప్రస్తావన వచ్చింది కాబట్టి, పరికల్పన ఎలా పుడుతుందో చూపే ఒక ఉదంతం మన ఊరిదే చెబుతాను. పెలాగ్రా అనే జబ్బులో ఎండ తగిలిన చోట చర్మం నల్లబడి పొలుసులు కడుతుంది, విరేచనాలు అవుతాయి, ముదిరితే మతి చలిస్తుంది. మొక్కజొన్న తిని బతికే పేదల జబ్బుగా దానికి ప్రపంచమంతటా పేరు. మొక్కజొన్నలో నియాసిన్ అనే బి విటమిన్ శరీరానికి అందని రూపంలో ఉంటుంది, శరీరం నియాసిన్‌గా మార్చుకోగల ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం కూడా తక్కువ. అయితే దక్కన్ పీఠభూమిలో ఈ జబ్బు జొన్న తినేవారిలో కనిపించింది. మొక్కజొన్నకు చెప్పిన వివరణ జొన్నకు అతకలేదు. అంతవరకు అందరూ "ఈ తిండిలో ఏమి లోపించింది?" అని అడుగుతున్నారు. హైదరాబాదులో పనిచేసిన పోషకాహార శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకంఠయ్య గార్లు "ఈ తిండిలో ఏది మితిమీరింది?" అని అడిగారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ కనుక అదే నియాసిన్ వినియోగాన్ని చెడగొడుతోందని 1960లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రతిపాదించారు. కుక్కల్లో పెలాగ్రాను పోలిన నల్లనాలుక జబ్బు మీద పరీక్షించారు, ఐసోలూసిన్ అనే మరో అమైనో ఆమ్లం ఇస్తే పరిస్థితి మారుతుందా అని చూశారు. తరువాత ఇతర ప్రయోగశాలల ఫలితాలన్నీ దానితో ఏకీభవించలేదు, వాదం చాలాకాలం సాగింది. అయినా నేను దాన్ని మంచి పరికల్పన అనే అంటాను, ఎందుకంటే దానితో విభేదించినవారికి కూడా ఏం చేసి చూడాలో అది స్పష్టంగా చెప్పింది.


సమాధానం 3
గణాంకశాస్త్ర అధ్యాపకుడు

పై ఇద్దరు పెద్దలు చెప్పినది బాగుంది. లెక్కల వైపు నుంచి నాలుగు మాటలు.

మేడం గారూ, పన్నెండు పరికల్పనలను విడివిడిగా 0.05 సార్థకత స్థాయిలో (లేని తేడా ఉన్నట్టు నూటికి ఐదుసార్లు కనబడే ప్రమాదాన్ని ఒప్పుకుని) పరీక్షిస్తే, జావకు నిజానికి ఏ ప్రభావమూ లేకపోయినా, కనీసం ఒక్కటి "సార్థకం" అని తేలే సంభావ్యత, ఆ పరీక్షలు ఒకదానిపై ఒకటి ఆధారపడనివైతే, సుమారు 46 శాతం. 0.95ను పన్నెండుసార్లు గుణించి ఒకటిలోంచి తీసివేయండి, మీకే వస్తుంది. మీరు ఆ ఒక్కదాన్ని పట్టుకుని ఒక అధ్యాయం రాస్తారు. అందుకే ప్రధాన పరికల్పన ఒకటి, మహా అయితే రెండు చాలంటాను. మిగిలినవి చూడాలనిపిస్తే "అన్వేషణాత్మకం" అని ముందే పేరు పెట్టి చూడండి.

శూన్య పరికల్పన మీ నమ్మకం కాదు, మీరు పడగొట్టడానికి నిలబెట్టిన బొమ్మ. ఈ మాటను ప్రచారంలోకి తెచ్చిన గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ 1935లో చెప్పిన టీ కప్పుల ఉదాహరణ మీరు కోర్సువర్క్‌లో వినే ఉంటారు. టీలో ముందు పాలు పోశారా, డికాక్షన్ పోశారా అన్నది రుచి చూసి చెప్పగలనని ఒక మహిళ అన్నారు. ఎనిమిది కప్పులు, నాలుగు ఒక రకం, నాలుగు మరో రకం. ఆమెకు ఆ శక్తి లేదన్నది శూన్య పరికల్పన. ఊరికే ఊహించి అన్నీ సరిగ్గా చెప్పే అవకాశం డెబ్బైలో ఒకటి. గమనించవలసింది ఏమిటంటే, కప్పులు కలపకముందే ఏ ఫలితం వస్తే ఏమనుకోవాలో నిర్ణయమైపోయింది. తేడా కనబడకపోతే మన వ్యాసాల్లో "శూన్య పరికల్పన అంగీకరించబడినది" అని రాసేస్తారు, అది తప్పు. తిరస్కరించడానికి తగిన ఆధారం దొరకలేదని మాత్రమే రాయాలి. ముప్పై మంది మీద చేసిన అధ్యయనంలో తేడా కనబడలేదంటే తేడా లేదనీ కావచ్చు, మన వల చిన్నదనీ కావచ్చు.

రెండు బడులను పోల్చాలని అనుకుంటే ఒక హెచ్చరిక. జావ ఇచ్చే ఒక బడిలో వందమందిని, ఇవ్వని ఒక బడిలో వందమందిని తీసుకుంటే మీ దగ్గర రెండు వందల మంది ఉన్నట్టు కనిపిస్తుంది, కాని జావ అన్న చరం విషయంలో మీ దగ్గర ఉన్నవి రెండే బడులు. ఆ రెండింటి మధ్య ప్రధానోపాధ్యాయుడు, ఫీజు, ఊరు, తల్లిదండ్రుల స్తోమత అన్నీ వేరు. అందుకే ఒకే విద్యార్థిని వేర్వేరు రోజుల్లో తనతోనే పోల్చడం మేలు. అప్పుడు పిల్లవాడి తెలివి, ఇంటి ఆదాయం వంటివి రెండు వైపులా ఒకటే కాబట్టి తీసివేతలో పోతాయి.

కాని దానిలోనూ ఒక ముడి ఉంది, దాన్ని పైవారు సగమే విప్పారు. మంగళ, గురు, శనివారాల్లోనే జావ పోస్తే, జావ అన్న చరమూ, ఏ వారం (సోమవారమా, మంగళవారమా) అన్న చరమూ పూర్తిగా పెనవేసుకుపోయాయి. ఎన్ని వారాలు కొలిచినా వాటిని విడదీయలేరు. దీనికి నాకు రెండు దారులు కనబడుతున్నాయి. పిండి నిల్వ అయిపోయి జావ పోయని మంగళవారాలు ఏడాదిలో కొన్నయినా వస్తాయి కదా. ఆ రోజుల్లో కూడా పరీక్ష పెట్టడానికి ముందే సిద్ధంగా ఉంటే, మంగళవారాన్ని మంగళవారంతోనే పోల్చవచ్చు. రెండోది, జావ లేని పొరుగు బడిలో అవే రోజుల్లో అదే పరీక్ష పెట్టడం. అక్కడ కూడా సోమవారంకన్నా మంగళవారం స్కోరు పెరిగితే, ఆ పెరుగుదల వారానిది. మీ బడిలో పెరిగినదాంట్లోంచి దాన్ని తీసేయగా మిగిలింది జావదని వాదించవచ్చు. అవే పిల్లలు అదే పరీక్షను మళ్ళీ మళ్ళీ రాస్తే అభ్యాసం వల్ల కూడా స్కోరు పెరుగుతుంది, కాబట్టి ప్రశ్నపత్రాలు నాలుగైదు రకాలు చేసి, సగం మందికి జావ రోజున, సగం మందికి జావ లేని రోజున మొదలుపెట్టండి.


సమాధానం 4
పరిశోధక విద్యార్థి, సమాజశాస్త్రం

అందరూ పరికల్పన ఉండి తీరాలన్నట్టు మాట్లాడుతున్నారు కాబట్టి చిన్న అభ్యంతరం. "పిల్లలు కొందరు జావ ఎందుకు తాగడం లేదు?" అన్నది కూడా పరిశోధన ప్రశ్నే. దీనికి ముందే జవాబు ఊహించి కూర్చుంటే, పిల్లలు చెప్పేది మన చెవికెక్కదు. ఇటువంటి గుణాత్మక (అంకెలకన్నా మనుషుల మాటల మీద ఆధారపడే) అధ్యయనాల్లో పరికల్పన పని చివర తేలవచ్చు, తేలకపోనూవచ్చు.

మేడం చేయబోయే కొలత పని మీద కూడా దీని నీడ పడుతుంది. మాది శ్రీకాకుళం జిల్లా. మా వైపు రాగులను చోళ్ళు అంటాం, ఇంట్లో తాగేది చోడి అంబలి. తెలంగాణలో తైదలు అంటారు. ప్రశ్నావళిలో "మీ ఇంట్లో రాగి జావ తాగుతారా?" అని అచ్చువేస్తే, రోజూ అంబలి తాగి వచ్చే పిల్లవాడు కూడా "లేదు" అని టిక్కు పెడతాడు. వాడి దృష్టిలో రాగి జావ అంటే బడిలో పోసే తియ్యటిది, ఇంట్లోది ఉప్పూ మజ్జిగా కలిపినది, రెండూ వేరు. అంతేకాదు, అంబలి పేదల తిండి అన్న చిన్నచూపు ఉన్నచోట, తాగినా తాగనట్టే చెప్పేవారు ఉంటారు. మీ విలువైన మాడరేటర్ అంతా ఆ ఒక్క గడిలో తలకిందులవుతుంది. అందుకని కొలత మొదలుపెట్టే ముందు పదిమంది పిల్లలతో, జావ కాచే ఆయాలతో ఊరికే కూర్చుని మాట్లాడండి.


ప్రశ్న అడిగినవారి స్పందన

మాస్టారూ, మిగిలిన పెద్దలూ, మీ అందరికీ కృతజ్ఞతలు. ఈ వారం కాలపట్టిక తీసి చూశాను. సోమ, బుధవారాల్లో ఎనిమిదో తరగతికి మొదటి పీరియడ్ గణితం, మంగళ, గురువారాల్లో నా జీవశాస్త్రమే. అంటే నేను చూసిన చురుకుదనం నా క్లాసుదే అయి ఉండవచ్చని తెలిసి కొంచెం నవ్వు, కొంచెం దిగులు కలిగాయి. జావ పోసేటప్పుడు కూడా నిలబడి చూశాను. కొందరు సగం తాగి మిగిలినది మందార మొక్కల మొదట్లో పోస్తున్నారు.

పన్నెండు పరికల్పనలూ తీసేసి ఇలా రాసుకున్నాను. ప్రశ్న: ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థుల్లో, ప్రార్థనకు ముందు జావ తాగిన రోజున మొదటి పీరియడ్ ఆరంభంలో అంకెల కొట్టివేత పరీక్షలో వచ్చే స్కోరు, జావ లేని రోజున అదే విద్యార్థికి వచ్చే స్కోరుకన్నా ఎక్కువగా ఉంటుందా? మొదటి పరికల్పన: ఎక్కువగా ఉంటుంది, ఆ తేడా జావ లేని పొరుగు బడిలో అవే రోజుల మధ్య కనిపించే తేడాకన్నా పెద్దదిగా ఉంటుంది. రెండో పరికల్పన: ఉదయం ఇంటి దగ్గర ఏమీ తినకుండా వచ్చినవారిలో ఈ తేడా, తిని వచ్చినవారిలో కన్నా పెద్దదిగా ఉంటుంది. స్వతంత్ర చరం, గుర్తు గీసిన గ్లాసులో మిగిలినది తీసివేయగా తాగిన జావ పరిమాణం.

రెండు సందేహాలు మిగిలాయి. పరీక్ష పెట్టేది, దిద్దేది నేనే అయితే పరవాలేదా? శీర్షికలో "ప్రభావం" ఉంచవచ్చా?


సమాధానం 1 రాసినవారి ప్రతిస్పందన

అమ్మా, ఇప్పుడు ప్రశ్న కనబడుతోంది. సోమవారం గణితం, మంగళవారం మీ జీవశాస్త్రం అన్న సంగతిని సినాప్సిస్‌లో తప్పక రాయండి. దాన్ని దాచితే కమిటీలో ఎవరో ఒకరు బయటపెడతారు, మీరే చెబితే అది మీ జాగ్రత్తకు గుర్తు అవుతుంది. పాఠం మొదలుకాకముందే, ఉపాధ్యాయులు తరగతిలోకి రాకముందే పరీక్ష ముగించాలి. పాఠం ప్రభావం అప్పుడు చాలావరకు తప్పుతుంది, ఆ రోజు ఏ పాఠమో పిల్లలకు ముందే తెలిసి ఉండడం మాత్రం మిగిలిపోతుంది.

పరీక్ష మీరు పెట్టకండి. మీకు ఏం తేలాలని ఉందో మీ ముఖంలో పిల్లలకు కనిపిస్తుంది. పెట్టడం మరొకరికి అప్పగించి, జవాబు పత్రాల మీద పేరు, తేదీ లేకుండా సంకేత సంఖ్య మాత్రమే వేయించి, ఏ సంఖ్య ఏ రోజుదో తెలియనివారి చేత దిద్దించండి.

స్వతంత్ర చరంలో ఒక లొసుగు మిగిలింది. జావ పోయడం బడి నిర్ణయం, ఎంత తాగాలన్నది పిల్లవాడి నిర్ణయం. ఇంట్లో కడుపునిండా తిని వచ్చినవాడే సగం గ్లాసు మందార మొక్కకు పోస్తున్నాడేమో. అప్పుడు తాగిన పరిమాణాన్ని నేరుగా స్కోరుతో కలిపి చూస్తే, జావతో పాటు ఆకలిని కూడా కొలుస్తున్నట్టే. కనుక ప్రధాన పోలికను "జావ పోసిన రోజు, పోయని రోజు" మీద చేయండి, తాగిన పరిమాణాన్ని రెండో వరుసలో ఉంచండి. వెనుక నేను పోసినదీ తాగినదీ వేరన్నాను కాని, దేన్ని ప్రధానం చేయాలో అప్పుడు చెప్పలేదు.

ఇంటి తిండి గురించి "తిన్నావా?" అని అడగకండి, "పొద్దున లేచాక ఏమేం తిన్నావు, ఏమేం తాగావు?" అని అడగండి. అదీ పరీక్ష తరువాతే, ముందు కాదు. ఆకలిగా ఉన్నానని గుర్తుచేసి పరీక్ష పెడితే దాని ఫలితం వేరుగా ఉంటుంది.

శీర్షికలో "ప్రభావం" ఉంచవచ్చు, పొరుగు బడి పోలిక నిజంగా జరిగితేనే. ఆ బడి యాజమాన్యం ఒప్పుకోకపోతే "జావ పోసిన, పోయని రోజుల్లో విద్యార్థుల అవధానం: ఒక పోలిక" అని మార్చుకోండి. "సర్వతోముఖాభివృద్ధి" మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. కమిటీలో ఎవరైనా బాలురు, బాలికల పరికల్పన ఏదని అడగవచ్చు. పిల్లల లింగం, వయసు, తరగతి వివరాలు ఎలాగూ సేకరిస్తారు, వాటిని పట్టికలో చూపుతామని చెప్పండి. పరికల్పనగా పెట్టడానికి కారణం మాత్రం వారినే అడగండి. కారణం చెప్పగలిగితే మూడోదిగా చేర్చుకోండి.